మారుబేరం

నవంబరులో డండీలో, మా మూడో అంతస్తు కిటికీకి
వెలుతురు మధ్యాహ్నం రెండింటి దాకానే.
ఆలోపే ఫొటోలు తీయాలి.
తలుపు మేకుకి తగిలించిన
సీసాపచ్చ రంగు కార్డురాయ్ కోటు.
ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి,
మోచేతి దగ్గర అరిగిన చోటు ఒకటి,
దాచిపెట్టానని రేపు ఎవరూ అనకుండా.

పదకొండేళ్ళు తొడిగానని రాశాను.
ఎడమ జేబుకి చిల్లుందని రాశాను.
చిల్లర ఆ దారినే అస్తరులోకి జారి
నేను మెట్లు దిగుతుంటే నడుం వెనక గలగలమనేదని
రాయలేదు. అదెవరికి కావాలి?
అమ్మబోతే అడవి. తెలిసిందే.
ఎనిమిది పౌండ్లు పెట్టాను.

గంటలోపే ఇన్నెస్ అనే పేరుతో కబురు:
‘ఊనా గారూ, అయిదుకి ఇస్తారా?
సోమవారం మా చెల్లికి ఇంటర్వ్యూ.’
అంతే. ఆ కాస్త నూలు చాలింది నాకు,
పిల్లని మొత్తం నేనే నేసేసుకున్నాను:
తడి ఆరని జుట్టు,
కదిలిపోతున్న బస్సు వెంట పరుగు,
నా కోటులో కొంచెం వదులుగా భుజాలు.
ఇచ్చేశాను.
ఓట్స్ సంచి తిరగేసి పొట్లం కట్టి
‘ఆ అమ్మాయికి మంచి జరగాలి’ అని చీటీ పెట్టి
టే నది మీది గాలి లాక్కోబోతుంటే పొట్టకి అదుముకుని
పెర్త్ రోడ్డులో కొట్టు మూసేలోగా అందించాను.

తొమ్మిదో రోజు కోటు మళ్ళీ కనబడింది.
తల లేని బొమ్మ మీద, ఇటుక గోడ ముందు,
నా దగ్గరున్నన్నాళ్ళూ ఎప్పుడూ నిలబడనంత నిటారుగా.
‘డెబ్బైల నాటిది, అరుదైనది’ అట.
చర్చి అమ్మకంలో రెండు పౌండ్లిచ్చి తెచ్చుకున్నప్పుడు
దాని వయసు నాకెవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.
నలభై అయిదు పౌండ్లు.

ఆసుపత్రి లాండ్రీలో మార్సాలీతో చెప్పాను.
చెరో కొసా పట్టుకుని
ఎవరివీ కాని దుప్పట్లు మడుస్తున్నాం.
‘చేపలమ్మేవాడు
తన చేప ఎవరి పళ్ళెంలో పడిందో చూడ్డానికి వెళ్తాడా?’ అంది.
నిజమే. పొట్లం చెయ్యి దాటాక నాదేముంది?

మరి ఈ మంట నలభై పౌండ్ల కోసమా?
కొంత. అబద్ధమెందుకు.
మిగతాది ఆ పిల్ల కోసం.
బస్సెక్కకుండానే, ఉద్యోగం రాకుండానే,
పుట్టకుండానే పోయింది కదా.
మూడు పౌండ్లు నేను తగ్గించింది ఆమెకి.

రాత్రి మళ్ళీ తెరిచి, బొమ్మని పెద్దది చేసి చూశాను.
ఎడమ జేబుకి చిన్న చిన్న పచ్చ కుట్లు,
బియ్యపు గింజల్లా, ఒకే కొలతలో.
పదకొండేళ్ళలో ఒక్క ఆదివారం
సూది పట్టి ఉంటే నేనూ కుట్టేదాన్నే.
కింద రాసి ఉంది:
‘జేబు మేమే చేత్తో కుట్టాం. అస్తరులో దొరికిన నాణేలు
కొన్నవారి అదృష్టానికి జేబులోనే వదిలేశాం.’

నా చిల్లర! నా బస్సు డబ్బులు!
నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.
తర్వాత ఆ ‘కుట్టాం’ దగ్గర ఆగిపోయాను.
ఒక్కరైతే కుట్టాను అనాలి కదా.
అయితే చెల్లి ఉందేమో.
వంటబల్ల మీద దీపం దగ్గరికి లాక్కుని
దారం కొస పళ్ళతో తెంపే చెల్లి.
సోమవారం జరిగిన ఇంటర్వ్యూ అదేనేమో.
లేక ఇదీ నేను నేసుకున్నదేనేమో,
అయిదు పౌండ్లకి నాకమ్మిన రెండో అబద్ధం.

ఇవాళ మేకుకి ఆవపిండి రంగు స్వెటరుంది.
ధర దగ్గర ఆరు కొట్టాను, చెరిపాను,
పన్నెండు కొట్టాను, సిగ్గేసి చెరిపాను.
‘మారుబేరగాళ్ళు రావద్దు’ అని రాసి అదీ చెరిపాను.
చర్చి మెట్ల మీద రెండు పౌండ్లు పుచ్చుకున్న ఆవిడ
నన్నేమీ అడగలేదు.

వెలుతురు పోతోంది. ఊరికే ఒకసారి
కోటు చూసొద్దామని తెరిచాను.
ఎవరూ కొనలేదు. ముప్పై ఎనిమిదికి దించారు.
నా నెత్తిన ఎవరో చెయ్యిపెట్టి
కిందికి నొక్కినట్టయింది.