లీకు బంద్

ఆ ఉదయం రాయగడలో గాలి
పేపరుమిల్లు వైపు నుంచి వీస్తోంది.
ఉడికిన వెదురు, మురిగిన గుడ్డు.
ముక్కు మూసుకునేది ఊరికి కొత్తవాళ్లే.
ఆ వాసనలోంచి నీలంపొగ కక్కుకుంటూ
సుభాసిని పాత్రో గారి మారుతి వచ్చి ఆగింది,
తొంభై ఆరు మోడలు.
మునిగుడ కొండల్లో ముప్పయ్యేళ్లు పురుళ్లు పోసిన నర్సమ్మ.
"నూనె తాగేస్తంది కూర్మారావ్. కక్కేస్తంది కూడాను.
రెండిట్లో ఏదో ఒకటే చెయ్యమను."

బానెట్ ఎత్తాను.
డిప్‌స్టిక్ గూట్లోంచి అంగుళం పైకి లేచుంది,
ఎవరో కిందనుంచి వేలితో తోసినట్టు.
ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లజిగురు.
క్రాంక్ సీలు చుట్టూ నల్లటి చెమట.
ఇంజనుకి రోగమేం లేదు.
ఊపిరి వదిలే దారి లేదు, అంతే.

మండిన ప్రతిసారీ పిస్టను పక్కనుంచి
కాస్త పొగ కిందికి జారుతుంది.
ఎంత మంచి ఇంజనుకైనా తప్పదు.
దాన్ని మళ్లీ పైకి లాగి కాల్చడానికి
బొటనవేలంత వాల్వు ఒకటి, రెండు రబ్బరు గొట్టాలు.
కారు కొనేటప్పుడు ఎవరూ వాటి సంగతి అడగరు.

వాల్వు పీకి చెవి దగ్గర ఊపాను.
గిలక్కాయలా పలకాలి.
పలకలేదు.
గ్లాసుడు పెట్రోల్లో పడేసి
రెండో గొట్టం కోసం చెయ్యి దూర్చాను,
ఎయిర్‌ఫిల్టరుకి పోయేది.

అందులో ఒక బోల్టు.
గొట్టం నోట్లో కుక్కి, పైన ఇనపతీగ బిగించి.

"ఏ ఎదవ..." అనబోయాను.
తీగ మెలిక ఎడమకి తిరిగి ఉంది.
ఈ ఊళ్లో ఎడంచేత్తో తీగ మెలేసేవాణ్ని
నేను రోజూ అద్దంలో చూస్తాను.

నాలుగేళ్ల కిందట. పోలాకి మేస్త్రి బతికున్నాడప్పుడు.
"గొట్టంలోంచి నూనె కారతందిరా, ఆపు" అన్నాడు.
ఎందుకు కారుతోందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
ఆపాను. ఆగింది.
సాయంత్రం నాకు టీ కూడా పోయించాడు.
ఒక నోరు కుట్టేస్తే ఇంకోచోట నోరు పుడుతుందని
అప్పటికి నాకు తెలీదు.
తెలిసుంటే ఆయనతో చెప్పేవాడినా,
అది వేరే లెక్క.

నర్సమ్మ స్టూలు మీద కూచుని
ముఢీ పొట్లం విప్పుతోంది.
"కణ హెలా?" అంది తలెత్తకుండా.
బోల్టు నా గుప్పిట్లో ఉంది, పదో నంబరుది.
"నిశ్వాస బంద్ అయిపోనాదమ్మా" అన్నాను,
సగం ఆమె భాషలో, సగం నా భాషలో.
మూసిందెవరో మాత్రం ఏ భాషలోనూ చెప్పలేదు.

పార్వతీపురం బస్సు ఒంటిగంటకి వచ్చింది.
మా కుర్రాడు దసురు డ్రైవరు దగ్గర్నుంచి
కొత్త గొట్టం, కొత్త వాల్వు పట్టుకొచ్చాడు.
ఈలోగా సైకిలు ఊచకి గుడ్డ చుట్టి
దారులన్నీ గీకాను. కారిన మడ్డి
పంచదార పాకం మాడినట్టుంది.
పెట్రోల్లో నానిన పాత వాల్వు కూడా
మధ్యాహ్నానికి ఒకసారి 'టిక్'మంది.
పారెయ్యబుద్ధి కాక జేబులో వేసుకున్నాను.

స్టార్ట్ చేశాను. పొగ పలచబడింది.
ఆయిల్ మూత తీసి
"కాగితమ్ముక్క ఉందా అమ్మా?" అన్నాను.
డాష్‌బోర్డు అర వెతికి మడత ఒకటి ఇచ్చింది.
రంధ్రం మీద పరిచాను.
కాగితం ఒకసారి అల్లాడి,
మెల్లగా లోపలికి గుంటపడి, అతుక్కుంది.
పీలుస్తోంది.
వంగి చూద్దును కదా,
పోలాకి గారేజీ బిల్లు. నా రాత.
'లీకు బంద్. అరవై రూపాయలు.'

"ఎంత?" అంది.
సామాన్ల ఖర్చే చెప్పాను, మూడొందల నలభై.
వేలు తడుపుకుని నిదానంగా లెక్కపెట్టింది.
చేతిలో పెట్టింది రెండొందల ఎనభై.
నేను మళ్లీ లెక్కపెట్టలేదు.

బిల్లుని పైకి తీసి, నూనె మరక ఆరేదాకా ఊపి,
పాత మడతల్లోనే మడిచి
అరలో పెట్టుకుంది.