నాలుగో రౌండు

తొమ్మిదింటికి రమ్మన్నారు.
ఏడున్నరకే వచ్చి కూర్చున్నాం పదకొండు మందిమి,
గుంటూరు, నల్లపాడు రోడ్డులో
మిర్చి ఎగుమతి కంపెనీ మేడ మీద.
ఏసీ ఉంది. అయినా కిటికీ సందుల్లోంచి ఘాటు.
మొదట తుమ్మింది ఖాజావలి,
ఆ తర్వాత వరసగా అందరం.
సెక్యూరిటీ ఆయన నవ్వాడు,
"ఇదే మొదటి రౌండమ్మా."

రాతపరీక్షలో రైలు పొడవు ఇచ్చారు, వేగం ఇచ్చారు,
వంతెన దాటడానికి ఎంతసేపని అడిగారు.
పిడుగురాళ్ల నుంచి ప్యాసింజర్లో వచ్చినమ్మాయి
పెన్ను కొరుకుతూ అంది,
"ఇది క్రాసింగుకి ఆగదా?"
నవ్వాపుకోలేకపోయాం.
కాసేపటికి పేర్లు చదివారు.
నలుగురు మెట్లు దిగారు, ఆ అమ్మాయి కూడా.

గ్రూప్ డిస్కషన్‌కి అంశం నాయకత్వం.
టై కట్టుకున్న సత్తెనపల్లి అబ్బాయి
ఎవర్నీ నోరెత్తనివ్వకుండా
నాయకత్వం వహించాడు.

టీకి కిందికెళ్ళినప్పుడు
ఖాజావలి ఫైలు తెరిచాడు.
పదహారు కాల్ లెటర్లు, తేదీల వారీగా,
వెనకాల రబ్బరు బ్యాండు చుట్టిన బస్సు టికెట్లు.
ఇవన్నీ ఎందుకన్నాను.
"ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటే చూపిద్దామని."

లోపల ముగ్గురు.
సలోమిని, సలోని అని పిలిచారు. సర్దుకున్నాను.
మీ గురించి చెప్పండన్నారు. ఇంగ్లీషులో చెప్పాను,
ఊపిరి ఎక్కడ పీల్చాలో కూడా బట్టీయే.
అప్పుడు మధ్యలో ఆయన
బల్ల మీద గుప్పెడు తేజ కాయలు పోసి
"తేమ ఎంతో ఎలా చెప్తారు?"

మీటరు సంగతి తెలుసు. చదువుకునే వచ్చాను.
నోరు తెరిచేలోగా చెయ్యి ఒక కాయ తీసి
చెవి దగ్గర ఆడించింది.
గింజలు పలకలేదు.
"పన్నెండు దాటింది సార్,
ఇంకో రెండెండలు కావాలి."
తెలుగులోనే వచ్చేసింది.

ఎవరు నేర్పారని అడగలేదు.
అడిగుంటే చెప్పేదాన్ని,
పగలంతా తొడిమలు తీసి
రాత్రి వేళ్ళు మజ్జిగలో పెట్టుకు కూర్చునే మా పెద్దమ్మ గురించి.
నేనేడిస్తే ఆ వేళ్ళు తగలకుండా
మోచేత్తో నా కళ్ళు తుడిచేది.

ఒకాయన ఏదో రాసుకున్నాడు, చిన్న మాట.
తలకిందుల అక్షరాలు చదవడం నాకు రాదు.
"ఫోన్ చేస్తాం."

ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు.
యార్డులో తాలుకాయలకైనా
పొద్దుగూకేలోపు రేటు చెప్పేస్తారు.

నిన్న మోగింది. తెలియని నంబరు.
గబగబా గొంతు సవరించుకుని
"గుడ్ మార్నింగ్ సార్" అన్నాను, సాయంత్రం నాలుగింటికి.
ఖాజావలి.
"నీకేమైనా చేశారా?"
"లేదు. నీకు?"
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
అవతల ఎవరో పేర్లు పిలుస్తున్నారు.
బెజవాడలో ఉన్నానన్నాడు, ఆటోనగర్, పదిహేడోది.

కాజా వల్లీ, అని పిలిచారు.
"వస్తున్నా సార్!"
ఫోను కట్ చెయ్యడం మర్చిపోయాడు.
బూట్ల చప్పుడు విన్నాను,
తలుపు తీసిన చప్పుడు,
లోపలికి రావచ్చా, అని అతను అడగడం.