మూడు పూతలు

ఉలి మొన ఆనించి సుత్తితో ఒక్కటి కొట్టాను.
మంచి దుంగైతే ఖంగుమంటుంది.
ఇది మూలగనైనా లేదు,
తడిసిన రొట్టెలా ఉలిని మింగేసింది.

కాయ్‌నూ అడవుల్లో జూన్. రాత్రి పదిన్నర.
చీకటి పడే ఉద్దేశమే లేదు.
నూట ఇరవై చలికాలాలు మోసిన పైన్ దుంగల గోడ
పైన పటారం:
ఎర్రటి ప్లాస్టిక్ రంగు, బొబ్బలెక్కిన పెచ్చులు.
పెచ్చు ఒలిస్తే వెనక నీళ్లు,
నీళ్ల వెనక బూజు,
బూజు వెనక ఇల్లు.

రంగు వేసింది ఓయివా.
ముప్పై ఏళ్ల కిందట, ఆ వేసవి సెలవులన్నీ ధారపోసి
మూడు పూతలు.
ఇరవై ఏళ్లు హామీ అని డబ్బా మీద రాసి ఉందట.
వాన లోపలికి రాలేదు, నిజమే.
ఏ సందునో దూరిన తడి బయటికీ పోలేదు.
వాళ్ల తాత ఇంత తారు పూసి ఊరుకున్నాడు,
గోడ ఊపిరి గోడకి వదిలేసి.

ఇప్పుడు ఓయివా నా వెనకే ఉన్నాడు,
చేతులు జేబుల్లో, టోపీ కళ్ల మీదికి.
ఎల్వి కాఫీ తెచ్చింది. గోడని చూసింది, మొగుణ్ని చూసింది.
"చక్కెర సరిపోయిందా?" అని నన్నడిగింది.

జాకీలు బిగించాను. ఇల్లు వేలెడు మందం లేచింది.
లోపల అల్మరాలో కప్పులు గలగలమన్నాయి.
కింది రెండు దుంగలూ చేతికి పొడిపొడిగా వచ్చాయి.
వాటి మధ్య కూరిన నాచు మాత్రం ఇంకా మెత్తగా,
ఎవరిదో బొటనవేలు నొక్కిన గుంటతో.

మూడో దుంగ మీద ఉలి ఆగింది.
ఖంగుమంది.
పై రెండంగుళాలే పిండి; దాని కింద
తేనెరంగు చేవ, నిన్న నరికినట్టు బంక వాసన.
బాడిశతో పిండంతా చెక్కేసి కొత్త ముక్క అతికాను.
చేవ జోలికి పోలేదు.

"మొత్తం మార్చాలా?"
ఆ సాయంత్రం ఆయన నోరు విప్పడం అదే.
"అక్కర్లేదు" అన్నాను.
రంగు మాట ఎత్తలేదు.
చెప్పాల్సింది గోడే చెప్పేసింది.

గోకుడు బిళ్ల తీసుకుని మూల నుంచి మొదలుపెట్టాడు.
దోమలు మెడ చుట్టూ మూగినా తోలుకోలేదు.
ఎర్ర పెచ్చులు బూట్ల మీద రాలుతున్నాయి.
తను వేసిన పూతలు
తనే ఒక్కొక్కటీ,
బూడిదరంగు కలప కనబడేదాకా.

తెల్లారేసరికి సగం గోడ అవుతుందందామనుకున్నాను.
అసలు పొద్దే గుంకలేదు.