గొళ్లెం

గ్రిమ్స్‌బీలో రాత్రి డ్యూటీ అంటే
చేపల వాసన గాలిని కిటికీ బయటే నిలబెట్టి
పదకొండు గదుల్లో పదకొండు ఊపిర్లు
లెక్కపెట్టుకుంటూ తిరగడం.

ఏడో గది డెస్మండ్ పర్విస్‌ది.
ఎనభై నాలుగేళ్లు. అందులో నలభై ట్రాలర్ల మీద.
ఎడమచేతికి రెండు వేళ్లు లేవు.
ఏ వలలో పోయాయని అడిగితే
అడిగినప్పుడల్లా వేరే సముద్రం పేరు చెబుతాడు.

మంగళవారం చర్చి నుంచి ఫిలిపా వచ్చింది.
కీర్తన చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
"కాపరి సంగతి నాకెందుకమ్మా,
నేను గొర్రెలు కాసినవాణ్ణి కాదు.
ఆ క్యాసెట్ పెట్టు."

క్యాసెట్ మీద పేరు లేదు.
రేవు పక్క పబ్బులో ఎవడో గిటారు పట్టుకుని పాడింది.
మధ్యలో గ్లాసుల చప్పుడు, ఒక దగ్గు.
మాటలు మనలో చెప్పాలంటే ఇంతే:

కెటిల్ దించకే, గొళ్లెం వెయ్యకే,
వచ్చేస్తున్నా, దారిలో ఉన్నా.

నాకు నవ్వాగలేదు.
ఇది తాగుబోతు మొగుడి పాట కదా,
ఇందులో దేవుడెక్కడ అన్నాను దిండు సర్దుతూ.

కళ్లు తెరవకుండానే చెప్పాడు:
"వాడు దారిలో లేడు. నాకూ తెలుసు.
ఇంకా బార్లోనే ఉన్నాడు, గ్లాసు కూడా నిండుగానే ఉంది.
ఆమెకీ తెలుసు.
తెలిసీ గొళ్లెం వెయ్యలేదు చూడు,
నాకు అర్థమైన మతం అంతవరకే."

చాలాసేపటికి,
నిద్రపోయాడనుకుని లైటు తగ్గించబోతుంటే,
తమ్ముడు వాల్టర్ అన్నాడు.
ఐస్‌లాండ్‌కి ఉత్తరాన, ఫిబ్రవరిలో,
మంచు పేరుకుని బరువెక్కి పడవ ఒరిగిపోయిందట.
వాళ్లమ్మ పోయేదాకా
వెనకతలుపు గొళ్లెం వెయ్యలేదట.
దొంగలు రెండుసార్లు వచ్చారట.
వాల్టర్ రాలేదట.

మా నాన్న యేసోబు
రేపల్లె బ్యాండుమేళంలో క్లారినెట్.
పెళ్లికీ చావుకీ ఒకటే సినిమా పాట,
పెళ్లికి గుర్రం నడక, చావుకి గేదె నడక.
నాకు సిగ్గేసేది.
శవం ముందు డ్యూయెట్ ఏంటి నాన్నా అంటే
రీడు నాలికతో తడుపుకుంటూ అనేవాడు:
"మాటలు అవేనే పిచ్చిదానా.
ఇంకో మలుపుదాకా తోడు రమ్మని
పెళ్లికొడుకు అంటే సరసం.
అదే మాట పాడె వెనక నడిచే ముసలామె వింటే..."
అక్కడ ఆపి ఊదేవాడు.
మిగతా సగం ఎప్పుడూ చెప్పలేదు.
అతనికీ తెలీదేమో.

శుక్రవారం తెల్లారుజామున, నాలుగూ పదికి,
ఏడో గదిలో ఊపిరికీ ఊపిరికీ మధ్య
ఎడం పెరుగుతోంది.
క్యాసెట్ వెనక్కి తిప్పి పెట్టాను.
"దారిలో" దగ్గర టేపు నలిగి ఉంది,
ప్రతిసారీ అక్కడ గొంతు వంగి
నీళ్లలో మునిగినట్టు మునిగి తేలుతుంది.
ఈసారి తేలేటప్పటికి
వినేవాడు లేడు.

టైము రాశాను.
మూడు వేళ్ల చెయ్యి గోరువెచ్చటి గుడ్డతో తుడిచాను.
ఇక్కడి ఆనవాయితీ ప్రకారం కిటికీ తెరిచాను.
ఆత్మ వెళ్లడానికి అంటారు వీళ్లు.
నాకు మాత్రం
ఎవరో లోపలికి రావడానికనిపించింది,
ఏ ఫిబ్రవరి నుంచో తడిబట్టలతో
బయట నిలబడ్డవాళ్లెవరో.
హంబర్ గాలి కర్టెన్‌ని ఒక్కసారి ఎత్తి పడేసింది.
టేపు ఇంకా తిరుగుతోంది, ఉత్త ఇసుక చప్పుడు.
ఆపాలని తెలుసు. ఆపలేదు.

ఏడున్నరకి బస్‌స్టాప్‌లో వాన.
ఫోన్ మోగింది.
"ఎక్కడిదాకా వచ్చావ్?
పిల్లాడు లేచాడు, పాలు పొయ్యి మీద పెట్టా."

బస్సు జాడే లేదు.
బూట్లనిండా నీళ్లు.

దారిలో ఉన్నా, అన్నాను.