తీసేసిన బటన్

చేపల డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టాను.
కొత్త కంప్యూటరుకి అదే ఇల్లు.
పేకముక్కంత పచ్చని పలక,
ఒంటినిండా వెండి గీతల కాలిబాటలు.
ముప్ఫయ్యొక్కేళ్ళు మూడు దీవుల ఫెర్రీలో
నేను నూనె పోసిన ఇంజను
ఈ వంటగదిలో పట్టేది కాదు.
ఇదేమో తుమ్మితే ఎగిరిపోయేలా ఉంది.

మార్చి నెల. నార్వే తీరపు ఈదురుగాలి
కిటికీకి ఉప్పు పూసి పోతోంది.
వేలిగోరంత మెమరీ కార్డులోకి
దాని బుద్ధంతా ఎక్కేసరికి
కాఫీ రెండుసార్లు చల్లారింది.

కెమెరా లేదంది.
మళ్ళీ వెలిగించాను. లేదంది.
కళ్ళద్దాలు మార్చి చూద్దును కదా,
రిబ్బను తీగ తిరగేసి దూర్చాను:
నీలం చార ఇటుండాలి, మెరిసే పళ్ళు అటుండాలి.
ఇంజనీరు చేతులు కాస్త సిగ్గుపడ్డాయి.
పక్కింటి ఓడ్‌బ్యోర్గ్‌కి చెప్పలేదు.

మా దీవిలో బాతులకి ఇళ్ళు కడతాం.
రాతి గోడ, పాత పడవ చెక్కల కప్పు,
లోపల ఎండిన సముద్రపు నాచు పరుపు.
ఈడర్ బాతు వచ్చి గుడ్లు పెట్టి,
తన రొమ్ము నూగు తానే పీకి కప్పి,
పిల్లల్ని తీసుకుని కడలిలోకి పోయాక
ఆ నూగే మాకు అద్దె.
అది ఉన్నన్నాళ్ళూ కుక్క మొరగకూడదు,
సుత్తి మోగకూడదు,
తీగ మీద దుప్పటి రెపరెపలాడకూడదు.
అమ్మ మోకాళ్ళ మీద పాకి వెళ్ళి చూసొచ్చేది.
నా మోకాళ్ళు ఫెర్రీకే ఇచ్చేశాను.

అందుకే ఈ కన్ను.
పాత పడవ బ్యాటరీ దీనికి కరెంటు.
కెమెరా మెడ తిప్పడానికి వేలెడు మోటారు,
దానికి మూడు తీగలు:
ఎరుపూ నలుపూ తిండి పెట్టేవి,
పసుపుది మాట చేరవేసేది.
టంకం పెడుతుంటే వేలు కాలింది.
ఆ వాసనకి ఇంజను గది గుర్తొచ్చి
కాసేపు ఊరికే కూర్చున్నాను.

బ్రౌజరులో నాలుగు అంకెల గుంపులు, మధ్య చుక్కలు.
ఉత్తరం ఎన్నడూ రాని ఇంటికి
చిరునామా దొరికింది.
పేజీలో మూడు బటన్లు పెట్టాను:
కుడి, ఎడమ, దీపం.
ఖాళీ గూటిని ఏప్రిలంతా తిప్పి తిప్పి చూశాను,
బొమ్మ దొరికిన పిల్లలా.

మే తొమ్మిదిన వచ్చింది.
గోధుమరంగు మూట, నల్లని కన్ను.
పూర్తిగా చూద్దామని ఎడమ నొక్కాను.

అక్కడ మోటారు దోమంత మూలిగి ఉంటుంది.
నాకు వినపడలేదు.
ఆమె మెడ లేచింది.

అరమైలు దూరాన నా చెంచా కప్పులోనే ఆగింది.
ఆమె లేస్తే గుడ్లు చల్లారతాయి,
కాకి ఎప్పుడూ కాచుకునే ఉంటుంది.
లేవలేదు.
మెడ దించడానికి పదకొండు నిమిషాలు పట్టింది.
గోడ గడియారంలో లెక్కపెట్టాను.

తిరగనిదాన్ని తిప్పడమే జన్మంతా నా కొలువు.
చక్కగా తిరిగేదాన్ని ఆపడం ఇదే మొదలు.
ఆ రాత్రి ఫైలు తెరిచి
కుడి ఉన్న వరుసలు చెరిపాను.
ఎడమ ఉన్నవి చెరిపాను.
దీపం దగ్గర కాసేపు వేలు తచ్చాడింది,
ఎంత బాగా వెలిగేదో!
అదీ చెరిపాను.

ఇప్పుడు పది నిమిషాలకో బొమ్మ, అంతే.
కెమెరా తిరిగిన చోటే ఉండిపోయింది.
సగం రాయి, సగం వీపు,
అప్పుడప్పుడు నూగు సర్దుతున్న ముక్కు కొస.

నిన్న ఓడ్‌బ్యోర్గ్ వచ్చి తెర చూసి
"కాస్త ఇటు తిప్పవూ, రాగ్న్‌ఫ్రిడ్,
మొహం కనపడదే" అంది.

కాఫీ పోశాను.