సున్నా వెలిగిన సాయంత్రం

టీ గది కిటికీలోంచి ఒక ఎక్స్‌టెన్షన్ వైరు లాగేద్దాం,
ఆదివారం ఒక్క మ్యాచ్‌కేగా, అన్నాను నేను.
నోరీన్ నావైపు చూడలేదు. వానవైపు చూసింది.
అట్లాంటిక్ నుంచి అడ్డంగా వచ్చే వాన అది;
మా మేయో తీరంలో గొడుగులు ఓటమి ఒప్పుకుని చాలా ఏళ్ళయింది.

మెయిన్ ఆపింది. తన తాళం వేసి
తాళంచెవి మెడలో వేసుకుంది.
టెస్టర్‌ని మెయిన్‌కి ముందు, ఇంకా ప్రాణమున్న తీగ మీద పెట్టింది,
తర్వాత చచ్చిన తీగ మీద,
మళ్ళీ ప్రాణమున్న దాని మీద.
"ఎందుకిన్ని సార్లు?"
"అబద్ధమాడేది తీగ ఒక్కటే కాదు, టెస్టర్ కూడా."

బోర్డుకి విడిగా ఒక లైను, విడిగా ఒక బ్రేకర్,
కరెంటు కాస్త దారి తప్పినా టక్కున పడిపోయేది.
కేబుల్ పెట్టెలోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిప్పింది:
వాన చుక్క లోపలికి రాకుండా
అక్కడే జారి గడ్డిలో పడాలట.
ఇనుప స్తంభం పక్కన రాగి కడ్డీ దిగేసరికి
సమ్మెట పట్టిన నా చేతులు బొబ్బలెక్కాయి.

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిది.
పోయినేడు పాత బోర్డు స్తంభానికి
ఆనుకుని నిలబడ్డ పదేళ్ళ సోర్చా
"చేతుల మీద చీమలు పాకుతున్నాయి" అంది.
నేను నవ్వి, దులుపుకోమన్నాను.

నోరీన్ ఏమీ అనలేదు.
బిగించిన ప్రతి స్క్రూనీ
మళ్ళీ మొదటినుంచి బిగించింది.

చీకటి పడుతుండగా తాళం తీసింది.
రెండు వైపులా సున్నాలు, ఎర్రగా, తడిలో.
ఖాళీ మైదానం. ఎవరూ గెలవలేదు.
మీటరు పెట్టి చూసి, తలూపింది.
నేను తడి చెయ్యి స్తంభానికి ఆనించి
చాలాసేపు నిలబడ్డాను.
చల్లటి ఇనుము. అంతే.