పది మిల్లీమీటర్లు

విశాఖలో సీసం డబ్బాకి మూత బిగించినప్పుడు
మందు నిండుగానే ఉంది.
తుని దాటేసరికి సగం.
ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి సగంలో సగం.
సుభాని బండి దిగుతూనే కంగారుగా అడిగాడు:
"ఎక్కడా కారలేదు కదమ్మా?"
కారలేదు. గడియారం తాగేసింది.

అమలాపురంలో రాత్రి తొమ్మిదిన్నర.
రేపు మనుషులు పడుకోబోయే బల్ల మీద
ఇవాళ ఒక ప్లాస్టిక్ మొండెం.
తల లేదు, చేతుల్లేవు,
కడుపు నిండా పది లీటర్ల నీళ్లు,
ఆ నీళ్లలో ఆరు గోళీలు.
పెద్దది నిమ్మకాయంత,
చిన్నది నానిన సెనగంత.
పేరు లేకపోతే ముట్టుకోబుద్ధి కావట్లేదని
మునీశ్వరి దానికి పాపారావని పేరు పెట్టింది.

పాపారావు భుజం దగ్గర ఒక గాలిబుడగ ఇరుక్కుంది.
బుడగుంటే లేని గుంట కనపడుతుంది తెర మీద.
పక్కకి ఒరిగించి, వీపు తట్టి,
పాలు తాగిన బిడ్డకి తేన్పు తెప్పించినట్టు
తెప్పించాం.

ఈ యంత్రం ఏం చేస్తుందని ఎవరడిగినా
నాకు సఖినేటిపల్లి రేవే గుర్తొస్తుంది.
పంటు మీద నాన్న పని.
చీకట్లో, దీపం ఆరిన పడవ నది మధ్య నుంచి కూకేస్తే
ఇవతల గట్టున నాన్న లాంతరెత్తేవాడు,
అవతల నర్సాపురం గట్టున చినమావయ్య ఎత్తేవాడు.
ఎవరి లాంతరు ముందు లేస్తే
పడవ వాళ్ల దగ్గర.

ఇక్కడ కూక వెలుగు.
ఒక్కచోట పుట్టి, ఎదురెదురుగా పారిపోయే జంట.
గట్లంటే ఈ స్ఫటికాల వలయాలు.
సెకనుని ఐదొందల కోట్ల ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్క తేడా పట్టుకోవాలి.
ఆ ముక్క కోసం మూడేళ్లు వైర్ల పొడుగు కొలిచాను.
బల్ల మీద ఎవరూ లేకపోయినా
స్ఫటికాలు తమలో తాము గొణుక్కుంటాయి.
ముందు ఆ గొణుగుడు లెక్కపెట్టి పక్కన పెట్టాలి.

పదకొండింటికి బొమ్మొచ్చింది.
ఐదు గోళీలు.
ఆరోది లేదు.

కంపెనీ తరఫున వచ్చిన కౌండిన్య గొంతు తగ్గించాడు:
"కాస్త నున్నగా చేద్దామండీ, రిపోర్టులో బావుంటుంది."
నున్నగా చేస్తే ముందు మునిగేది చిన్నదే.
అతనికీ తెలుసు.

మూత విప్పి ఒక్కో మాడ్యూలూ తడుముకుంటూ వెళ్లాను.
పద్నాలుగోది. గడియారం వెనకబడింది.
వైరు పూర్తిగా బిగించలేదు.
బిగించాల్సింది నేనే,
కిందటి మంగళవారం, భోజనానికి లేచే ముందు.
ఎవరితోనూ అనలేదు. మునీశ్వరి చూసింది.

అప్పటికి మందు మరో సగం పోయింది.
ఉన్నదాంతోనే, ఎక్కువసేపు.
ఒంటిగంట దాటాక
కడుగు నీళ్లలో మిగిలిన ఒక్క బియ్యపు గింజలా
మసగ్గా, కష్టం మీద,
ఉంది.
నూటికి నలభై ఒకటి అని రాశాను.
నలభై రెండు కూడా కాదు.

పొద్దున్నే మొదటి మనిషి,
అంబాజీపేట పీచు మిల్లులో పనిచేసే ఆవిడ,
చెప్పులు వదిలి, బల్ల చల్లదనాన్ని అరిచేత్తో చూసి అడిగింది:
"నాకంటే ముందు దీని మీద ఎవరైనా పడుకున్నారా?"
"పాపారావు గారని, రాత్రంతా ఆయనే" అంది మునీశ్వరి.
"తేలిందా ఏవన్నా?"
"చిన్నది. కనపడింది."
"మరి తగ్గుద్దా ఆయనకి?"
సీసం గదిలో నీళ్లతో పడున్నవాణ్ని తలుచుకుని
మునీశ్వరి గడియారం వంక చూసింది.
"సాయంత్రానికల్లా."